ఏడు లెక్కపెట్టి జరగాలి

మూడయింది, బాబాయిని ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యాను నాలుగింటికి వస్తుంది, ఈ గంటలో కుడివైపు ప్యానెల్ ఒక్కటైనా నల్లబడాలి అనుకుంటూ ఆమె హీట్‌గన్ ప్లగ్గు పెట్టింది కానీ స్విచ్చి వెయ్యలేదు. షెడ్డులో చెక్కబల్ల మీద గోనెపట్టా పరిచి ఉంది, దాని మీద బండి నుంచి విప్పి, సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగి, పొద్దుటి నుంచి ఆరబెట్టిన ప్లాస్టిక్ ముక్కలు వరసగా ఉన్నాయి. ముందు మడ్‌గార్డు, హెడ్‌లైటు చుట్టూ ఉండే చట్రం, సీటు కింద రెండు పక్కలా ఉండే ప్యానెళ్ళు. అవన్నీ ఊడదీశాక మోటార్‌సైకిల్ గోడపక్కన స్నానానికి బట్టలు విప్పిన చిన్నపిల్లాడిలా సన్నగా, కాస్త సిగ్గుగా నిలబడింది. పెట్రోలు ట్యాంకు దగ్గర ఈ గన్ను పేరు కూడా ఎత్తకూడదని, ముక్కలన్నీ బల్ల దగ్గరికే రావాలని బాబాయి పెట్టిన నియమం. ఎడమవైపు ప్యానెల్ ఇప్పటికీ కాటుకలా ఉంది. కుడివైపుదే పాలిపోయింది, తడిసి ఆరిన బూడిదలా. బండి గల బేకరీ ఆయన ఎనిమిదేళ్ళుగా దాన్ని ఒకేచోట, ఎడమ పక్కని గోడకి చేర్చి, కుడి పక్కని రోడ్డుకి వదిలి పెట్టాడట, సాయంకాలపు ఎండంతా ఆ ఒక్క పక్కే తాగింది. ఒక్క కుడి పక్కే. ఇప్పుడు తల తిప్పి బాబాయి వంక చూడకూడదు అనుకుంది, అనుకుంటూనే చూసింది.

బాబాయి గుమ్మం దగ్గర తన పాత ఇనపకుర్చీలో ఉన్నాడు. పక్షవాతం వచ్చిన ఏడు నెలల తరవాత ఈ రోజే మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవడం. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చి వెళ్ళిన వస్తువులా, పారేసుకుంటే ఏమంటారో అన్నట్టు ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఉన్నాడు. చేతికర్ర మోకాలికి ఆనించి ఉంది. నిజానికి అతన్ని ఇక్కడికి తీసుకురావాలనుకోలేదు. నాన్న లారీ మీద వెళ్ళి నాలుగు రోజులయింది, అమ్మకి యూనిఫారాలు కుట్టే చోట ఈ వారం సెలవు దొరకలేదు, ఇంట్లో ఒక్కణ్ణే వదలడానికి ధైర్యం చాలలేదు. ఇంటి నుంచి షెడ్డుకి పది నిమిషాల నడక, ఈ రోజు ఇద్దరికీ నలభై నిమిషాలు పట్టింది, దారిలో మూడుచోట్ల ఆగారు, మూడోచోట ఆగింది అలసటకి కాదు, షెడ్డు రేకు కనపడింది, అందుకని. అతను దాన్నే చూస్తూ నిలబడిపోయాడు. ఆమె ఏదైనా అనాల్సింది. ఏమనాలో తోచలేదు. ఆమెకెప్పుడూ తోచదు. ఇంటిల్లిపాదీ ఆమెకి నోట్లో నాలుక లేదంటారు, బాబాయైతే చప్పుడు లేకుండా వచ్చి చప్పుడు లేకుండా పోతుందని పిల్లీ అని పేరు పెట్టాడు, ఆ పేరుతోనే పదిహేనేళ్ళు పిలిచాడు. మాటలన్నీ అతనివి, వినడం ఆమెది, అలా పంచుకున్నారు. కొనేవాళ్ళతో, అరిచేవాళ్ళతో, బండి ఇచ్చి వారంరోజులు కనపడనివాళ్ళతో మాట్లాడేది అతనే, వెనకాల గుడ్డ తడిపి పిండి అందించేది ఆమె. ఆ పంపకం అలాగే ఉండిపోతుందనుకుంది. మొన్న బేకరీ ఆయన వచ్చి, "నల్లగా అవుతుందంటావా అమ్మాయ్? లేకపోతే మా పిల్ల ఈ బండెక్కనంటోంది" అని అడిగితే తలూపింది. తలూపితే ఒప్పుకున్నట్టే కదా. బాబాయైతే ఎలా అనేవాడు? "నల్లగానా, రాత్రిపూట మీ పిల్ల ఈ బండి ఎక్కడ పెట్టిందో వెతుక్కోవాలి!" అనేవాడు. ఆయన పగలబడి నవ్వేవాడు.

స్విచ్చి వేసింది. గన్ను మూలిగి, బుసకొట్టి, ముక్కులోంచి వేడిగాలి వదిలింది. బాబాయి దీన్ని అత్తగారు అంటాడు, అనేవాడు, అంటాడు. మరీ దగ్గరికెళితే కాలుస్తుంది, మరీ దూరమైతే పని జరగదు, జానెడు దూరంలో మర్యాదగా మసలుకోవాలి. నీకు పెళ్ళే కాలేదు కదా బాబాయ్, అత్తగారి సంగతి నీకెలా తెలుసు అని ఒకసారి అమ్మ ఎదుట ఆమె అడిగింది. ఆమె అడిగిన కొద్ది ప్రశ్నల్లో అదొకటి. "తెలుసు కాబట్టే కాలేదు" అన్నాడు అతను, అమ్మ చేతిలో గరిటె పట్టుకుని వంగి వంగి నవ్వింది, ఇలాంటి మరిది ఎవరికీ వద్దు తల్లీ అంటూ. కింది అంచు దగ్గర మొదలుపెట్టింది, సీటు కింద దాగిపోయే భాగం. ముందు కనపడని చోట మొదలుపెట్టు పిల్లీ, తప్పు చేసినా అది నీకూ దానికీ మధ్యే ఉంటుంది. ఒకటి, రెండు, మూడు. మూడో అంకెకి బూడిదరంగు కదిలింది. ఎన్నిసార్లు పక్కన నిలబడి చూసినా, తన చేతిలో జరుగుతుంటే ఇది వేరేగా ఉంది. పాలిపోయిన మొహంలోకి రక్తం వచ్చినట్టు లోపలి నుంచి నలుపు పైకి వచ్చింది, ఏదీ పుయ్యలేదు, ఏదీ రుద్దలేదు, వట్టి గాలి. రంగు ఎక్కడికీ పోదే, ఎండకి జడిసి లోపలికెళ్ళి పడుకుంటుంది, మనం వెచ్చగా పిలిస్తే లేచి వస్తుంది అని చెప్పేవాడు. కొనేవాళ్ళకి అంతవరకే చెప్పేవాడు. ఆమెకి మిగతాది కూడా చెప్పాడు, ఇలా పిలవడం రెండుసార్లో మూడుసార్లో, ఆ తరవాత లోపల కూడా ఏమీ మిగలదు, అందుకే చల్లారాక పైన పల్చగా క్రీము పట్టించి కాపాడుకోవాలి అని. నాలుగు, ఐదు.

మాటల డాక్టరమ్మ దగ్గర కార్డులుంటాయి. చెంబు, గొడుగు, బస్సు, చెప్పులు. ఆవిడ కార్డు పైకెత్తి ఓపిగ్గా చూస్తుంది, బాబాయి దానివంక చూస్తాడు, అది ఏమిటో అతనికి తెలుసు, తెలిసినట్టు కళ్ళు చెబుతూనే ఉంటాయి, కానీ ఊఁ తప్ప ఏమీ రాదు, ఊఁ, ఊఁ, ఆ ఊఁలోనే వంద రకాలు. ఒకసారి పిల్లి బొమ్మ చూపించింది. బాబాయి ఎడమచెయ్యెత్తి వెనక బెంచీ మీద కూర్చున్న ఆమెని చూపించాడు. డాక్టరమ్మ కాగితం మీద తప్పు గుర్తు పెట్టింది. అది తప్పు కాదండీ అని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది, అప్పటికే ఆవిడ బస్సు బొమ్మ ఎత్తేసింది, నోరు మూసుకుంది. ఎందుకు మూసుకుంది? ఒక్క మాట చెబితే ఏం పోయేది? ఇద్దరూ బస్సుని చూశారు. మొదట్లో అంకెలు కూడా పెట్టింది ఆవిడ, ఒకటి రెండు మూడు అనండి, నాతోపాటు అనండి అని, చిన్నపిల్లలకి చెప్పినట్టు తీపిగా, చేతివేళ్ళు విప్పి చూపిస్తూ, బాబాయి పెదాలు బిగించి మొహం గోడకి తిప్పుకున్నాడు, మూడు వారాలూ అంతే. ఆవిడ అంకెల్ని పక్కన పెట్టేసింది. ఆవిడ మంచిదే. పోయినవారం వరండాలోకి పిలిచి, "ఏడు నెలలు చూశాం కదమ్మా, వచ్చేవారం కూడా ఏమీ కదలకపోతే ఇంక వారం వారం ఆయన్ని ఇంతదూరం తిప్పి కష్టపెట్టొద్దు. కార్డులు మీకిచ్చేస్తాను, ఇంట్లోనే చూపిస్తూ ఉండండి" అంది. మెల్లగానే అంది. తలుపు తీసే ఉంది. లోపల కుర్చీలో బాబాయి వీపు కనిపిస్తోంది, ఆ వీపు వింది. వచ్చేవారం అంటే ఈ రోజు. నాలుగింటికి. ఒక్క మాట, గొడుగైనా సరే, చెప్పులైనా సరే. కార్డులు ఇంటికిచ్చేశారంటే అర్థం ఏమిటో అందరికీ తెలుసు, అమ్మ వాటిని బీరువాలో చీరల కింద పెడుతుంది, బాబాయి బతికినంతకాలం ఊఁ అంటూ బతుకుతాడు, అతని నవ్వులన్నీ, ఆ అత్తగారూ,

ఠప్ ఠప్ ఠప్ అని కర్ర నేల మీద మూడుసార్లు మోగింది.

గన్ను వెనక్కి లాగింది. ఎన్ని అయ్యాయి? ఐదు దగ్గర ఉంది, ఆ తరవాత ఎక్కడికి పోయింది? బొటనవేలి గోరంత మేర ప్లాస్టిక్ మీది సన్నటి గరుకంతా కరిగిపోయి, తడి ఆరని నత్తజాడలా తళతళలాడుతోంది. వాసన ఇప్పుడొచ్చింది ముక్కుకి. స్విచ్చి తీసేసింది, వేలితో తాకబోయి మానుకుంది, కరిగినది చల్లారేదాకా ముట్టకూడదు. కింది అంచే, సీటు దాన్ని కప్పేస్తుంది, నీకూ దానికీ మధ్యే, కానీ ఇంకో రెండు క్షణాలుంటే సొట్టపోయేది, బేకరీ ఆయనకి ఏమని చెప్పేది, తలూపితే సరిపోతుందా? బాబాయి వంక చూసింది. కోప్పడతాడనుకుంది. అతను ఎడమచేతి వేళ్ళు రెండు పెదాల మీద పెట్టుకుని, అక్కడినుంచి ఏదో పీకి బయటికి విసిరినట్టు చేశాడు. మళ్ళీ చేశాడు. నోటితో. నోటితో లెక్కపెట్టు.

అవును, అదే కదా. అందుకే కదా ఇన్నేళ్ళూ గన్ను చేతికివ్వలేదు. ఏడు లెక్కపెట్టి జరగాలి, అదీ గొంతెత్తి లెక్కపెట్టాలి, అదే బాబాయి పద్ధతి, ఎవరు నవ్వినా సరే. ఒకటి రెండు మూడు నాలుగు ఐదు ఆరు ఏడు జరుగు, ఒకటి రెండు మూడు, వీధి చివరిదాకా వినపడేది, షెడ్డులో అతను పని మొదలుపెట్టాడో లేదో గడియారం చూడక్కర్లేకుండా చుట్టుపక్కల వాళ్ళకి తెలిసిపోయేది. ఏడు తరవాతి ఆ జరుగు అనే మాట తనకి తను చెప్పుకుంటున్నాడో, గన్నుకి చెబుతున్నాడో, ప్లాస్టిక్‌ని బతిమాలుకుంటున్నాడో ఆమెకి ఎప్పుడూ తెలియలేదు. మనసులో లెక్కపెడతాను బాబాయ్ అంటే ఒప్పుకునేవాడు కాదు, మనసులో లెక్కపెడితే మనసు షికారుకెళుతుంది, నోటితో లెక్కపెడితే నోటికి కాపలాగా మనసు ఇంట్లోనే ఉంటుంది, నువ్వు గొంతెత్తిన రోజున గన్ను నీది అనేవాడు. ఆమె ఎత్తలేదు. బళ్ళో ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు కూడా అంతే, నలభైమంది కలిసి అరుస్తుంటే ఆమె పెదాలు మాత్రం కదిపేది, ఎవరికీ తెలియదనుకునేది, ఒక రోజు మాస్టారు మిగతా అందరినీ చేత్తో ఆపేశారు, ఆ నిశ్శబ్దంలో ఆమె పెదాలు ఒక్కటే కదులుతున్నాయి. అందరూ చూశారు. సాయంత్రం తీసుకెళ్ళడానికి వచ్చిన బాబాయికి ఎవరో చెప్పేశారు, సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని దారంతా అతను ఏడో ఎక్కం పాడాడు, తప్పులతో, కావాలని తప్పులతో, ఏడేళ్ళు యాభై అన్నాడు, ఏడెనిమిదులు ముప్పై అన్నాడు, ఆమె ఓపిక పట్టి పట్టి చివరికి ఉండలేక కాదూ అని అరిచింది. ఇంత గొంతు లోపల పెట్టుకుని ఎవరికి దాస్తున్నావే అన్నాడు. వీపుకి తగిలే ఆ గుండెలు, ఆ చెమట వాసన, సైకిలు గంట పక్కన తన చిన్న చేతులు.

స్విచ్చి వేసింది. గన్ను బుసకొట్టింది. జానెడు దూరం. నోరు తెరిచింది.

"ఒకటి" అంది. ఎవరిదో గొంతులా వచ్చింది, ఇనుము గీసినట్టు. "రెండు. మూడు." బూడిద కదిలింది. నలుపు లేచింది. "నాలుగు, ఐదు, ఆరు, ఏడు." జరిగింది. జరుగు అనలేదు, అది అతని మాట, దాన్ని తీసుకోబుద్ధి కాలేదు. మళ్ళీ ఒకటి. మూడో జానెడుకి వచ్చేసరికి చెవులు వేడెక్కడం మానేశాయి, చెయ్యి అంకెల్ని పట్టుకుని నడుస్తోంది, మనసు నిజంగానే ఇంట్లో ఉంది, కాపలా కుక్కలా గడప మీద పడుకుని ప్లాస్టిక్ వంకే చూస్తోంది. సగం ప్యానెల్ నల్లబడింది. సగం బూడిద, సగం నలుపు, మధ్యలో గీత నీటి అంచులా ముందుకి జరుగుతోంది, ఆ గీత వెంట ఆమె, ఆమె వెంట అంకెలు. బాబాయి ఏం చేస్తున్నాడో చూడాలనుంది, చూస్తే ఏడు తప్పుతుంది. చూడలేదు. కర్ర చప్పుడు లేదు, కుర్చీ చప్పుడు లేదు, అంటే తప్పు జరగడం లేదన్నమాట.

అప్పుడే ఎదురుగా టైరుకొట్టాయన ట్యూబు నీళ్ళలో ముంచుతూ తలెత్తాడు. బాబాయికి పాత నేస్తం, ఒకప్పుడు రోజంతా రోడ్డుకి ఆ పక్కా ఈ పక్కా నిలబడి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవాళ్ళు, ఈ ఏడు నెలలుగా ఆయనకి తిట్టడానికి ఎవరూ లేరు, పొద్దుట వాళ్ళు నడిచొస్తుంటే చూసి, ఏమనాలో తెలియక లోపలికెళ్ళి ఉత్తినే టైరు దొర్లించాడు.

"ఏంటమ్మాయ్, మళ్ళీ ఒకటో తరగతిలో చేరావా?" అని కేకేశాడు. "పలకా బలపం పంపించమంటావా?"

పక్కన ట్యూబు కోసం నిలబడ్డ ఇద్దరు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. అయినా నలభైమంది పిల్లలు ఒక్కసారిగా ఆగిపోయారు. మూడు అంది, నాలుగు అంది, ఆ తరవాత గొంతు లోపలికెళ్ళి తలుపేసుకుంది. గన్ను బుసకొడుతూనే ఉంది. కింద ప్లాస్టిక్ నల్లగా, నిగనిగలాడటానికి సిద్ధంగా ఉంది, చెయ్యి కదలడంలేదు, అంకె లేకుండా చెయ్యి ఎప్పుడు కదలాలో దానికి తెలియడంలేదు, నాలుగు, నాలుగు తరవాత, పెదాలు మాత్రం కదులుతున్నాయి,

"ఐదు."

ఎవరన్నారో తెలియలేదు. టైరుకొట్టు నుంచి వచ్చిందనుకుంది. చాలాకాలం తియ్యని గేటు గొళ్ళెంలా ఉంది ఆ చప్పుడు.

"ఆ... ఆరు."

వెనకనుంచి. గుమ్మం దగ్గరనుంచి. తల తిప్పకు, తల తిప్పకు, ఇప్పుడు తల తిప్పావంటే ప్లాస్టిక్ పోతుంది, అంతకన్నా ఇంకేదో పోతుంది, చెయ్యి అలాగే పెట్టు.

"ఏడు."

ఆమె జరిగింది. అతను చెప్పిన ఏడుకి ఆమె చెయ్యి జరిగింది, పదిహేనేళ్ళు అలవాటైన గొంతుకి గన్ను దానంతటదే జరిగినట్టు. రోడ్డు అవతల చేతిలోని ట్యూబు జారి నీళ్ళలో పడింది. టైరుకొట్టాయన తడిచేతులతో రోడ్డు మధ్యకొచ్చి నిలబడి, "ఒరే" అన్నాడు, "ఒరే, వీడు..." అని ఆగిపోయాడు.

అది మాట కాదు, ఉత్త అంకె, ఒట్టి అలవాటు కావచ్చు, కాలు జారితే చెయ్యి గోడ పట్టుకున్నట్టు. డాక్టరమ్మ చెప్పింది కదా, సొంతంగా రావాలి అని. ఇది సొంతం కాకపోతే ఇంకేది సొంతం? అతనికి ఎవరూ కార్డు చూపించలేదు, ఎవరూ వేళ్ళు విప్పి చూపించలేదు. ప్లాస్టిక్ కాలిపోతోంది, అందుకని వచ్చింది. పని ఆగిపోతోంది, అందుకని వచ్చింది. ఆమెకి కళ్ళు మసకేశాయి, రెప్పలు కొట్టి దులుపుకుంది, చెయ్యి ఖాళీగా లేదు తుడుచుకోడానికి. మళ్ళీ మొదలుపెట్టాలి. అతను మొదలుపెడతాడేమోనని ఒక క్షణం ఆగింది. ఊఁ, ఊఁ అని వినిపించింది. మొదటిది దొరకడంలేదు అతనికి. మొదటిది ఆమె ఇవ్వాలి.

"ఒకటి" అంది.

ఎంతసేపో అనిపించింది.

"రెండు" అన్నాడు బాబాయి.

"మూడు."

"నా...లుగు."

అలా పంచుకున్నారు. బేసివి ఆమెవి, సరివి అతనివి, ఏడు ఇద్దరిదీ. గీత ముందుకి జరుగుతోంది. ఒకచోట అతను ఆరు బదులు రెండు అన్నాడు, చేతికర్ర కోపంగా మోగింది, తన మీద తనకే, మళ్ళీ వెతుక్కుని ఆరు అన్నాడు. వ్యాను వచ్చి రోడ్డు మీద ఆగడం ఆమెకి తెలుసు, వ్యానతను హారను ఒకసారి కొట్టాడు, రెండుసార్లు కొట్టాడు, తల బయటికి పెట్టి అరిచాడు. "రండమ్మా, ఆలస్యమైతే ఆవిడ వెళ్ళిపోతుంది! మళ్ళీ నన్నంటారు!"

"ఆగన్నా!" అంది ఆమె.

వీధి చివరిదాకా వినిపించింది. ట్యూబు కోసం నిలబడ్డవాళ్ళు, టైరుకొట్టాయన, వ్యానతను, అందరూ ఒక్కసారిగా ఆగిపోయి ఆమె వంకే చూశారు. చూడనీ. "ఇంకా జానెడు మిగిలింది! ఆవిడకి ఫోను చేసి చెప్పు, వస్తున్నామని చెప్పు. అంకెలు బయటికి తీసి పెట్టుకోమని చెప్పు!"

"ఏం అంకెలు?" అన్నాడు వ్యానతను.

టైరుకొట్టాయన అతన్ని భుజం పట్టుకుని పక్కకి లాగాడు. "చెయ్యమంటోంది కదయ్యా, చెయ్యి. నోరు మూసుకుని విను" అన్నాడు, చెంపలు తడిచేత్తోనే తుడుచుకుంటూ.

ఆమె బల్ల మీదకి వంగింది. ప్యానెల్ మీద పైమూల ఒక్కటే మిగిలింది, జానెడు బూడిద. గన్ను ఎత్తింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు.

"ఏడు" అన్నారు ఇద్దరూ.

ఏడు తరవాత ఒక మాట ఉంది. వెనకాల అతని పెదాలు దానికోసం తడుముకుంటున్న చప్పుడు ఆమెకి వినిపిస్తోంది, గాలి, పళ్ళు, మళ్ళీ గాలి. అది ఇంకా రాలేదు. ఆమె అందివ్వలేదు. గన్నుని చివరి నాలుగు వేళ్ళ మేర మీదికి జరిపి, మళ్ళీ మొదటి నుంచి, గొంతెత్తి, "ఒకటి" అంది.